ఎల్సమ్మ వాళ్ల పేరున బియ్యం

మా మహేశ్ తాండూరులో బట్టల దుకాణం పెడుతున్నాడని తెలిసినప్పుడు అందరికన్నా ముందు సంతోషపడింది నేనే. వాడు నా తమ్ముడి కొడుకు. తమ్ముడు బండల పాలిషింగు దుమ్ములోనే బతుకంతా గడిపాడు. కొడుక్కి ఆ దుమ్ము అంటకూడదని వాణ్ణి చిన్నప్పుడే వికారాబాద్ తెచ్చి నా దగ్గర వదిలాడు. నాకు పిల్లలు లేరు. వాడికి అన్నం పెట్టిందీ, ఎక్కాలు రాకపోతే చెవి మెలేసిందీ నేనే. తమ్ముడు కిందటేడు పోయాడు, కొడుకు దుకాణం చూసే యోగం వాడికి లేకపోయింది. దసరా బేరానికి తెరుస్తున్నా, రిబ్బను నువ్వే కత్తిరించాలత్తా అని మహేశ్ ఫోన్ చేస్తే, అంతవరకు ఆగలేక, తీపి గరిజెలు చేసుకుని ప్యాసింజర్ బండెక్కి ముందే చూసొద్దామని బయల్దేరాను.

దుకాణం బాగుంది. అద్దాలున్నాయి, దీపాలున్నాయి, ప్యాంట్లు తొడుక్కున్న తలకాయల్లేని బొమ్మలున్నాయి. ఇంతకూ నేను లోపలికి పోలేదు, ఇదంతా గడప అవతలి నుంచి చూసిందే. ఎందుకంటే పైన బోర్డు చూశాను. నల్లటి బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో జర్మనీని ఏలిన నియంత పేరు, దాని పక్కన ముక్కు కింద అతికించినట్టుండే వాడి పొట్టి మీసం బొమ్మ. ఆ పేరు నేనిక్కడ రాయను. రాయవలసిన పేర్లు వేరే ఉన్నాయి.

ఇదేం పేరురా అన్నాను. వాడు మురిసిపోతూ, “పేరు నోట్లె ఆడుతది అత్తా. ఒక్కసారి ఇంటే మరువరు. కాలేజ్ పోరగాళ్ళకు గిసొంటియే నచ్చుతయి,” అన్నాడు. వాడెవడో తెలుసా అని అడిగితే పెద్ద లీడరనీ, మస్తు స్ట్రిక్టనీ చెప్పాడు. జనాన్ని చంపించాడు కదరా అంటే, “అంటరు. ఎక్కడ్నో, ఎప్పుడో. మనకేంది అత్తా?” అన్నాడు. బడిలో గొంతు చించుకోవడమే ఉద్యోగంగా బతికినదాన్ని, నాకు కోపం వస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం గొంతు లేవలేదు. గరిజెల డబ్బా వాడి చేతిలో పెట్టి, “పెత్రమాసకు మీ నాయినకు బియ్యమియ్యాలె, ఇంటికి రా. నేనైతే గా బోర్డు కిందికెంచి లోపటికి రాను,” అని చెప్పి స్టేషనుకు వచ్చేశాను. వాడి మొహం మాడిపోయింది. మాడనీ అనుకున్నాను.

నా కోపానికి కారణం బోర్డు ఒక్కటే అయితే ఇంత రాయనక్కర్లేదు. దేశంలో ఆ పేరు పెట్టుకుని గొప్పనుకునే వాళ్లు ఇంకా ఉన్నారు. కానీ మహేశ్ మా ఇంట్లో పెరిగినవాడు. ప్రతి పెత్రమాసకూ, పెద్దల అమావాస్య నాడు, మా వాకిట్లో మా పెద్దల పేర్లయ్యాక ఇంకొన్ని పేర్లు చదువుతాం. హన్నమ్మ, ఎమిలయ్య, రోసమ్మ, జాకబయ్య, చిన్న లీనా. చిన్నప్పటి నుంచి విని విని వాడికవి నోటికి వచ్చు. వాళ్లెవరో మాత్రం వాడెన్నడూ అడగలేదు. దూరపు చుట్టాలనుకున్నాడేమో, ఎప్పుడో కిరస్తానంలో కలిసిపోయిన మేనత్తలనుకున్నాడేమో. ఆ ఐదుగురినీ చంపించినవాడి పేరే తన గడప మీద వేలాడదీసుకుని నన్ను రిబ్బను కత్తిరించమంటున్నాడు. నా తర్వాత ఆ పేర్లు పలకవలసింది వాడే. వాడు కాదంటే ఇక ఎవరూ లేరు. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని, ఈ ఒక్కటీ తేల్చుకోకుండా చావను అనుకున్నాను.

మాది వికారాబాద్ గుట్టల కింద గొర్లకాపరుల ఇల్లు. ఇల్లంటే ముందు జీవాల దొడ్డి, వెనకాల మనుషుల కోసం మిగిలిన కాస్త చోటు. ఉన్ని వాసన, మేకపాల వాసన, గొంగళ్లకు పట్టించే చింతగింజల గంజి పుల్లటి వాసన, ఇవన్నీ కలిసిందే నాకు ఇల్లంటే. వానాకాలం గుట్ట మీది నుంచి మంచు దిగి దొడ్డిలోకి వచ్చేది. గొర్లు కనపడేవి కావు, దగ్గులే వినపడేవి. ఇంటికి పెద్ద మా నాయినమ్మ మల్లవ్వ. ఆమె జీవాలను ఎన్నడూ లెక్కపెట్టేది కాదు, ఎవరినీ పెట్టనిచ్చేది కాదు. లెక్కపెడితే తగ్గుతాయని మా వాళ్ల నమ్మకం. పొద్దుగూకి మంద మళ్లినప్పుడు దొడ్డి కాడ నిలబడి, ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తూ లోపలికి పంపేది. బొల్లిది, కొమ్మిరిగింది, మొండిచెవుది. తప్పిపోయింది ఏదో ఆమెకు అలా తెలిసేది. పేరు పిలిచినప్పుడు రానిది ఉంటే, దొరికేదాకా ముద్ద ముట్టేది కాదు.

గుట్ట మీది టీబీ దవాఖానకు మేకపాలు మా ఇంటి నుంచే పోయేవి. మోసేదాన్ని నేను. దవాఖాన వెనకాల చిన్న ఇంట్లో ఎల్సమ్మ ఉండేది. అసలు పేరు ఎల్జా. మా ఊరి నాలుకకు ఎల్సమ్మ అయింది, ఆమె కూడా అదే ఒప్పుకుంది. రోగుల కళ్లెను గాజుబిళ్లల మీద పూసి అద్దాల్లో చూసి, జబ్బుందో లేదో తేల్చడం ఆమె పని. తెల్లమ్మ కదా, అందరూ కిరస్తానమ్మే అనుకునేవాళ్లు. చర్చికి ఎందుకు పోదో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మాకు తెలిసిందల్లా జర్మనీ నుంచి యుద్ధానికి ముందే వచ్చిందని, ఇక తిరిగి పోలేదని. ఉర్దూ ముందు నేర్చుకుని దాని మీద తెలుగు అతికించుకుంది. జర, మస్తు, ఫికర్ లేకుండా ఆమె మాట నడిచేది కాదు. నేను తెచ్చిన పాలలో కొన్ని తోడుపెట్టి, ఆ పెరుగును గుడ్డలో కట్టి కిటికీకి వేలాడదీసేది. నీళ్లన్నీ కారాక ఉప్పు చల్లుకుని జొన్నరొట్టెతో తినేది. పాలకు ఉరేసే మనిషిని ఎక్కడా చూడలేదని మా నాయినమ్మ ఊరంతా చెప్పింది. చెప్పింది కానీ, ఆమెకు పోసే పాలలో చుక్క నీళ్లు కలపనిచ్చేది కాదు.

ఒక పెత్రమాస నాడు నేను పాలు తీసుకుపోలేదు. ఆ రోజు ఇంట్లో పని అలాంటిది. భాద్రపద అమావాస్య, పోయిన పెద్దల దినం. ఇల్లు అలికి, చేటల్లో బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడికాయ, తోటకూర సర్దిపెడితే, జంగమయ్య వచ్చి పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే అడిగి, ఒక్కో పేరుకు ఒక్కో దోసెడు బియ్యం అందుకుంటాడు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఉంటుంది కనుక పిల్లలం పొద్దున్నుంచీ తంగేడు పూల వెంట ఉంటాం. పాలు రాలేదని ఎల్సమ్మే గుట్ట దిగి వచ్చింది. అరుగు మీద కూర్చుని జంగమయ్య పేర్లు అడగడం, నాయినమ్మ బియ్యం పోయడం చూసింది. ఇదేమిటని అడిగింది. నాయినమ్మ చెప్పింది. చచ్చిన తిథి తెలిసినవాళ్లకు వేరే దినాలున్నాయనీ, ఎక్కడ పోయిండ్రో, ఎప్పుడు పోయిండ్రో తెలియనివాళ్లకు కూడా ఈ దినం పనికొస్తుందనీ చెప్పింది.

ఎల్సమ్మ అరుగు దిగి చేటల దగ్గరికి వచ్చింది. తర్వాత, తమలో పోయినవాళ్ల దినానికి దీపం పెడతారని, తనవాళ్లు ఏ దినం పోయారో తెలియక ఇన్నేళ్లుగా ఆ దీపం పెట్టలేకపోయానని చెప్పింది. ఏదో ఒక రోజు పెడితే అబద్ధం చెప్పినట్టుంటుందట. జంగమయ్య జోలె సర్దుకుంటూ అలవాటుగా, “ఇంకెవరన్న మిగిలిన్రా అవ్వా?” అన్నాడు. అది ప్రతి ఇంట్లో చివర అడిగే మాట. ఎవరినైనా మరచిపోతే ఆ పెద్దలు ఆకలితో తిరిగిపోతారని అడుగుతారు. నాయినమ్మ ఎల్సమ్మ వైపు తిరిగి, “మిగిలిన్రు. చెప్పు బిడ్డా,” అంది.

జంగమయ్య చెడ్డవాడు కాదు, పద్ధతి మనిషి. వీళ్లు మన కులం కాదు, మన దేవుడు కాదు, వీళ్ల పేరున నేనెట్లా పట్టుకుంటానని సణిగాడు. మా నాయినమ్మ బియ్యం చేట చేతిలో పట్టుకుని అట్లానే నిలబడింది. “వీళ్ళ ఇండ్లల్ల బియ్యమియ్యనీకి ఒక్కలు మిగల్లే అయ్యా. మేమియ్యకుంటే ఎవ్వరిస్తరు?” అంది. ఆయన జోలె విప్పాడు. తల్లి హన్నా, తండ్రి ఎమిల్, చెల్లెలు రోసా, ఆమె మగడు జాకబ్. ఎల్సమ్మ పేరు చెప్పడం, నాయినమ్మ దానికి అమ్మనో అయ్యనో చేర్చి మర్యాదగా మళ్లీ పలకడం, బియ్యం పోయడం. చివరికి చెల్లెలి కూతురు లీనా పేరు వచ్చింది. ఎల్సమ్మ ఆ పిల్లను ఎన్నడూ చూడలేదట, తను ఇక్కడికి వచ్చాక పుట్టిందట. ఎంతది అని జంగమయ్య అడిగాడు. నడక వచ్చిన పిల్ల అని చెప్పింది. అంత పసిపిల్లకు బియ్యమియ్యరు, పెద్దలలో కలవదు అన్నాడాయన. ఈసారి ఆయనన్నది నిజమే, మాలోనూ అంతే. నాయినమ్మ లోపలికి పోయి ఇత్తడి గిన్నెలో పాలు తెచ్చి గడప పక్కన పెట్టింది. పసిదానికి పాలు పెట్టొద్దని ఎవడంటాడో చూస్తానన్నట్టు జంగమయ్య వైపు చూసింది. ఆయన జోలె ముడి వేసుకున్నాడు. ఆ సాయంత్రం వాకిట్లో బతుకమ్మ చుట్టూ మేమాడుతుంటే, ఎల్సమ్మ మా గడప మీద, పాలగిన్నె పక్కన, కొవ్వొత్తి వెలిగించి కూర్చుంది. ఏడ్చిందేమో నాకు గుర్తులేదు. వెలుతురు గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఉండటం మాత్రం గుర్తుంది.

ఆ పిల్లకేమైందని మరుసటి ఏడు నేనే అడిగాను. నాయినమ్మ పక్కనే ఉంది. నాలాంటి చిన్నదానికి చెప్పొచ్చా అన్నట్టు ఎల్సమ్మ ఆమె వైపు చూసింది. “అడగనోనికి చెప్తే ఇనడు. అడిగినోళ్ళకు దాపెట్టొద్దు బిడ్డా,” అంది నాయినమ్మ. అప్పుడు ఎల్సమ్మ మెల్లగా చెప్పింది. వాళ్లు యూదులు. యూదులై పుట్టడం తప్ప వాళ్లు చేసిన నేరం ఏమీ లేదు. ముందు దుకాణాలు మూయించారు, బళ్లలోంచి పిల్లల్ని వెళ్లగొట్టారు, ఇరుగుపొరుగు వాళ్లు మాట్లాడటం మానేశారు. తర్వాత ఇళ్లలోంచి లాగి గూడ్సు బండ్లలో కుక్కి దూరం తోలుకుపోయారు. అక్కడ ముసలివాళ్లనీ, పసిపిల్లల్నీ, పిల్లల్ని వదలని తల్లుల్నీ ఒక పక్కకు తీసి, తలుపులు మూసి విషపు గాలితో చంపారు. తన తల్లీ తండ్రీ చెల్లెలూ పిల్లా ఆ పక్కకే పోయారని, అదే బండిలో పోయి బతికి బయటపడ్డ పొరుగింటామె చెప్పగా యుద్ధమయ్యాక తెలిసింది. జాకబ్ సంగతి అదీ తెలియలేదు. గూడ్సు బండ్ల మాట దగ్గర నాయినమ్మ ఆపింది. మా వికారాబాద్ జంక్షన్‌లో గొర్లను కూడా ఆ డబ్బాలలోనే ఎక్కిస్తారు. “నీళ్ళన్న తాపిండ్రా?” అని అడిగింది. లేదంది ఎల్సమ్మ. “మేము గొర్లను బండెక్కిచ్చెటప్పుడన్న నీళ్ళు తాపుతం,” అంది నాయినమ్మ. ఆమెకు కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గేది. ఆ మాట నాకు సరిగా వినపడలేదని మళ్లీ అడిగితే మళ్లీ అనలేకపోయింది.

తర్వాత చదువుకుని, బడిలో పాఠాలు చెప్తూ, పుస్తకాల్లో అరవై లక్షల మంది అని చదివాను. అంత పెద్ద అంకె నా బుర్రలో పట్టదు. ఎవరి బుర్రలోనూ పట్టదనే అనుకుంటాను, అందుకే జనం ఎక్కడో, ఎప్పుడో అని సులువుగా అనేస్తారు. నాకు తెలిసింది మా నాయినమ్మ పద్ధతి ఒక్కటే. దొడ్డి కాడ నిలబడి పేరు పెట్టి పిలవాలి. ఎల్సమ్మ రిటైరైనా ఇక్కడే ఉండిపోయింది, ఇక్కడే పోయింది. చర్చి వాళ్లు మంచి మనసుతో తమ స్మశానంలో చోటిచ్చారు. అప్పుడప్పుడే పనిలో చేరిన మా తమ్ముడు తాండూరు నుంచి నున్నగా పాలిష్ చేసిన బండ తెచ్చి, సిలువ లేకుండా పేరు మాత్రం చెక్కించి పెట్టాడు. నాయినమ్మ తర్వాత మా అమ్మ, అమ్మ తర్వాత నేను, ఏ పెత్రమాసకూ ఆ పేర్లు వదల్లేదు. ఎల్సమ్మ పేరూ కలిసింది. ఇప్పుడు దొడ్డి లేదు, జీవాలు అమ్మేశాం. నేను ఉండేది సిమెంటు ఇల్లు, పాలు ప్యాకెట్టులో వస్తాయి. గుట్ట మీదికి ఆదివారాలు కార్లలో జనం ఫొటోలు దిగడానికి వస్తారు. అప్పటి మనుషులు గొప్పవాళ్లని నేననను. ఎల్సమ్మ ముట్టుకున్న గ్లాసును వేరే పెట్టినవాళ్లు మా వీధిలోనే ఉండేవారు. కానీ ఎక్కడో జరిగింది మనకేంది అనే మాట మా నాయినమ్మ నోట నేను వినలేదు. ఆమెకు జర్మనీ ఎటుందో కూడా తెలియదు.

పెత్రమాస పొద్దున మహేశ్ వచ్చాడు. అలక మీదే ఉన్నాడు. తండ్రికి మొదటి పెత్రమాస కనుక రాక తప్పలేదు. నేనూ బోర్డు మాట ఎత్తలేదు. గుమ్మడికాయ, కత్తిపీట ముందర పెడితే మాట్లాడకుండా కోశాడు. చేటలు సర్దాక, ప్యాకెట్టు చించి ఇత్తడి గిన్నెలో పాలు పోసి వాడి చేతికిచ్చాను. వాడు గిన్నె గడప దగ్గర పెట్టబోయి ఆగాడు. “చిన్నప్పటి సంది చూస్తున్న. గీ పాలెవరికి అత్తా?” అన్నాడు. అడగాలని నేనెంత కాచుకున్నానో వాడికి తెలియదు. కూర్చోబెట్టి, పైన రాసిందంతా చెప్పాను, బోర్డు మీది పేరుతో సహా. వాళ్ల నాయిన తెచ్చిన బండ ఎవరిదో చెప్పాను. వాడు తలెత్తలేదు. చివర, “ముందుగాల్నే ఎందుకు చెప్పలే?” అన్నాడు. అడిగినవా అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. బోర్డు తియ్యి అనలేదు. అది నేను అంటే నా కోసం తీస్తాడు, నేను పోయాక మళ్లీ పెడతాడు.

జంగమయ్య వచ్చాడు. అప్పటి జంగమయ్య మనవడు, మోటారు సైకిలు మీద వస్తాడు, చాలా ఇళ్లకు పోవాలి కనుక తొందర. మహేశ్ మొదట తండ్రి పేరు చెప్పి బియ్యం పోశాడు. తాత పేరు, నానమ్మ పేరు, మల్లవ్వ పేరు అయ్యాయి. జంగమయ్య జోలె ముడి మీద చెయ్యి వేసి, “ఇంకెవరన్న మిగిలిన్రా?” అన్నాడు. ప్రతి ఏడూ ఇక్కడ జవాబు నాది. ఈసారి నేను నోరు మూసుకున్నాను. వాడు లేరంటే ఇంతటితో అయిపోతుందని, మా నాయినమ్మ మొదలుపెట్టింది నా కళ్ల ముందే ముగుస్తుందని తెలుసు. చెంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. జంగమయ్య నా వైపు చూశాడు, నేను చూపు తిప్పుకున్నాను.

“మిగిలిన్రు,” అన్నాడు మహేశ్. ఒక్కొక్క పేరూ చెప్పాడు, ఒక్కొక్క దోసెడూ పోశాడు. హన్నమ్మ, ఎమిలయ్య, రోసమ్మ, జాకబయ్య, ఎల్సమ్మ. తర్వాత పాలగిన్నె రెండు చేతులతో ఎత్తి గడప పక్కన పెట్టి, చిన్న లీనా అన్నాడు. ఇన్నేళ్ల పెత్రమాసల్లో నేను ఏడ్చింది ఆ ఒక్కసారే, దాచుకోకుండా ఏడ్చాను.

దసరా ముందర దుకాణం తెరిచాడు. పైన మేకులు, వైర్లు మాత్రమే ఉన్నాయి, బోర్డు లేదు. ఏం పేరు పెట్టాలో ఇంకా తోచలేదట, తొందరేముంది అన్నాను. నేనే రిబ్బను కత్తిరించాను. లోపల కుర్చీ వేస్తే కూర్చుని గరిజెలు పంచుతున్నాను. అంతలో కాలేజీ కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకడు ప్యాంటు చూస్తూ పైకి చూపించి, “గా మీసాల బోర్డు మస్తుండె గదన్నా, ఎందుకు తీసినవ్?” అన్నాడు. మహేశ్ చేతిలోని టేపు బల్ల మీద పెట్టాడు. స్టూలు ఒకటి వాడి వైపు జరిపాడు.

“కూసో, చెప్త,” అన్నాడు.